ఆబోతుల పోట్లాట – లేగల కాళ్లు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాణిజ్య యుద్ధాలను గురించి మాట్లాడమని నన్ను కోరారు. పెద్ద దేశాలు ఒకదాని సరుకు మీద ఒకటి సుంకాలు వేసుకుంటే మన పాల సంఘానికి సంబంధమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకని ముందుగా ఒక సంగతి చెబుతాను.

2018లో మా వూరి సంఘంలో పాల ధర తగ్గించవలసి వచ్చింది. మరునాడు ఉదయం ఒక పెద్దమ్మ పాలు పోసి, పక్కకు జరగకుండా నిలబడింది. "నాయనా, గేదె అదే. వెన్న శాతం మొన్న ఎంత వచ్చిందో ఇవాళా అంతే వచ్చింది. చుక్క నీరు కలపలేదు. మరి నా డబ్బు ఎందుకు తగ్గింది?" అని అడిగింది. "పైనుంచి అట్లా చెప్పారమ్మా" అని నేను తప్పించుకున్నాను. అది జవాబు కాదు. ఆమెకు ఆనాడు చెప్పవలసిన జవాబు ఈవేళ మీ ముందు పెడతాను.

సుంకం అంటే ఊరి పొలిమేరలో వేసిన అడ్డుకర్ర వంటిది. బయటి సరుకు లోపలికి రావాలంటే రుసుము చెల్లించాలి. దానిని ముందుగా కట్టేవాడు దిగుమతి చేసుకునే వర్తకుడు. తరువాత అతడు కొంత కొనేవాడి మీద వేస్తాడు, కొంత అమ్మేవాడి ధరలో కోస్తాడు. ఒక దేశం అడ్డుకర్ర వేస్తే రెండవ దేశమూ వేస్తుంది. పట్టుదల పెరిగితే అదే వాణిజ్య యుద్ధం.

ఇది తరచుగా రైతును కాపాడతామనే మాటతోనే మొదలవుతుంది. 1930 జూన్ 17న అమెరికా అధ్యక్షుడు హూవర్ ఒక సుంకాల చట్టం మీద సంతకం చేశాడు. స్మూట్, హాలీ అనే ఇద్దరు శాసనసభ్యుల పేరుతో అది ప్రసిద్ధమైంది. ధరలు పడిపోయిన రైతులను ఆదుకోవాలన్నది మొదటి ఉద్దేశం. వద్దని వెయ్యిమందికి పైగా ఆర్థిక శాస్త్రవేత్తలు విన్నవించినా ఆగలేదు. ఆ చట్టంలో కోడిగుడ్ల మీద సుంకం డజనుకు 8 సెంట్ల నుంచి 10 సెంట్లయింది. పొరుగున వున్న కెనడా ఊరుకోలేదు. తన సుంకాన్ని 3 సెంట్ల నుంచి 10 సెంట్లకు పెంచింది. 1929లో అమెరికా నుంచి కెనడాకు 9 లక్షల డజన్లకు పైగా గుడ్లు పోయేవి. 1932 నాటికి అందులో నూటికి రెండు వంతులు కూడా మిగలలేదు. రైతు కోసం వేసిన అడ్డుకర్ర రైతు కాలికే తగిలింది. 1929–34 మధ్య ప్రపంచ వాణిజ్యం విలువ సుమారు మూడింట రెండు వంతులు పడిపోయింది. దానికి ఆర్థిక మాంద్యమే ముఖ్య కారణమైనా, ఈ అడ్డుకర్రలు ఆ గాయాన్ని మరింత లోతు చేశాయి.

రెండవ సంగతి, తగవు ఒకచోట పుడుతుంది, దెబ్బ మరొకచోట పడుతుంది. 1962లో ఐరోపా ఉమ్మడి మార్కెట్టు దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. బదులుగా 1963 డిసెంబరులో అమెరికా బంగాళాదుంప పిండి, బ్రాందీలతో పాటు చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం ప్రకటించింది. కోళ్ల తగవుకు ట్రక్కుల మీద దెబ్బ! అరవై ఏళ్లు దాటినా ట్రక్కుల మీది ఆ సుంకం పోలేదు. వేయడం ఒక సంతకంతో అయిపోతుంది, తీయడమే కష్టం.

మూడవది 2018 నాటిది. చైనా తమ సాంకేతిక విజ్ఞానాన్ని అన్యాయంగా తీసుకుంటున్నదని అమెరికా ఆరోపించి, జూలై 6 నుంచి 3,400 కోట్ల డాలర్ల చైనా సరుకు మీద 25 శాతం సుంకం వేసింది. చైనా అదే రోజున అమెరికా సోయాచిక్కుడు మీద 25 శాతం వేసింది. సోయా రైతుకూ సాంకేతిక విజ్ఞానానికీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. చైనా కొనుగోళ్లు బ్రెజిల్‌కు మళ్లాయి. అమెరికా ప్రభుత్వం తన రైతులకు 2018లో 1,200 కోట్ల డాలర్లు, 2019లో మరి 1,600 కోట్ల డాలర్ల సహాయం ప్రకటించవలసి వచ్చింది. ఖజానా నిండుగా వున్న దేశం గనుక అది చేయగలిగింది. బీద దేశపు రైతుకు ఆ దన్ను ఎక్కడిది?

ఇక పాల సంగతికి వద్దాము. 2014లో ఉక్రెయిన్ విషయమై పాశ్చాత్య దేశాలు రష్యా మీద ఆంక్షలు పెట్టాయి. ఆగస్టులో రష్యా బదులుగా ఐరోపా సమాఖ్య, అమెరికా తదితర దేశాల నుంచి పాలు, జున్ను, మాంసం, పండ్లు రాకుండా నిషేధించింది. ఫిన్లాండ్, లిథువేనియా దేశాల పాల రైతులు చిరకాలపు మార్కెట్టును పోగొట్టుకున్నారు. అదే కాలంలో చైనా పాలపొడి కొనుగోళ్లు తగ్గించింది. 2015 మార్చి 31తో ఐరోపాలో పాల ఉత్పత్తి మీద వున్న పరిమితి కూడా తొలగిపోయింది.

పశువుతో రేపు పాలివ్వమని చెప్పలేము. అమ్ముడుపోని పాలు పొడి అవుతాయి. ఐరోపా ప్రభుత్వ గిడ్డంగులలో 3 లక్షల 50 వేల టన్నులకు పైగా వెన్న తీసిన పాలపొడి పేరుకుపోయింది. 2014 మొదట్లో టన్ను 4,000 డాలర్లకు పైగా వున్న ధర 2015 ఆగస్టు నాటికి 2,000 డాలర్ల దిగువకు జారింది. 2013–14లో మన దేశం లక్ష టన్నులకు పైగా పొడి ఎగుమతి చేసింది. తరువాతి సంవత్సరాలలో అది చాలా స్వల్పమైపోయింది. ఆ పైన మన దేశంలోనూ పాల దిగుబడి పెరిగింది. ఒక కిలో పొడికి సుమారు 11 లీటర్ల వెన్న తీసిన పాలు కావాలి. పొడి గిడ్డంగిలో నిలిచిపోతే దానిలో పెట్టిన పైకమూ నిలిచిపోతుంది. అప్పుడు సంఘం దగ్గర పాల ధర తగ్గుతుంది. పెద్దమ్మ ప్రశ్నకు జవాబు ఇదే. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగాయి.

అయితే పరాయి పొడి ఎల్లప్పుడూ శత్రువేనా? కాదు. 1970లో మొదలైన శ్వేత విప్లవం మొదటి దశలో, ఐరోపాలో మిగిలిపోయిన 1,26,000 టన్నుల పాలపొడి, 42,000 టన్నుల బటర్ ఆయిల్ ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మనకు ఉచితంగా వచ్చాయి. కురియన్ గారు వాటిని పంచిపెట్టలేదు, చౌకగా కుమ్మరించనూ లేదు. పాలుగా మార్చి నగరాలలో సరైన ధరకు అమ్మించి, ఆ డబ్బుతో డెయిరీలు, శీతలీకరణ కేంద్రాలు కట్టించారు. అదే నీరు గట్టు తెగితే పొలాన్ని ముంచుతుంది; తూము మన చేతిలో వుంటే పంట పండిస్తుంది.

ఆ తూము ఒకప్పుడు మన చేతిలో లేదు. పాలపొడి మీద సుంకం వేయబోమని గాట్ ఒప్పందం కింద మన దేశం మాట ఇచ్చి వున్నది. 1999–2000లో తిరిగి చర్చలు జరిపి, ఏడాదికి 10,000 టన్నుల వరకు 15 శాతం, ఆ పైన 60 శాతం వేసుకునే హక్కు సంపాదించుకున్నాము. 2019 నవంబరులో ఆసియా–పసిఫిక్ దేశాల ఆర్.సి.ఇ.పి. ఒప్పందంలో మన దేశం చేరకపోవడానికి గల కారణాలలో న్యూజీలాండ్ పాల సరుకును గూర్చిన భయం కూడా ఒకటి.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. గోడకు రెండు వైపులు వుంటాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద ముందు 25 శాతం, ఆగస్టు 27 నుంచి మరొక 25 శాతం సుంకం వేసింది. రెండవదానికి చెప్పిన కారణం రష్యా చమురు. మొదటిదానికి చెప్పిన కారణాలలో మన దేశపు సుంకాలు, వాణిజ్య అడ్డంకులు వున్నాయి. అప్పుడు మన గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల రైతుకు చెరువు గట్టు దగ్గరే ధర తగ్గింది. ఒకే వూరిలో పాల రైతును కాపాడే గోడ రొయ్యల రైతుకు భారమైంది. ఆ రేట్లు తరువాత ఎట్లా మారినా ఈ పాఠం మారదు.

కనుక మన గోడ ఉచితంగా వచ్చినది కాదు. దాని ఖర్చు మరెవరో భరిస్తున్నారు. దాని నీడలో మనం నిద్రపోరాదు. పొదుగువాపుకు మందు వేసిన పశువు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా సంఘానికి పోయరాదు. కొన్న దాణా ఖర్చు తగ్గేటట్లు పచ్చిమేత పెంచాలి. పాలు తక్కువైన రోజుల్లో రూపాయి ఎక్కువిచ్చే వర్తకుడి వైపు పోయి, పాలు పొంగిన రోజుల్లో సంఘం తలుపు తట్టడం మానాలి. మంచి ఏళ్లలో లాభమంతా బోనసుగా పంచుకోక, చెడ్డ ఏళ్లకు కొంత నిధి మిగుల్చుకోవాలి. ఇక పాలకవర్గంలో వున్న మాకూ ఒక బాధ్యత వున్నది. ధర తగ్గించిన రోజున సభ పెట్టి, లెక్క చదివి, కారణం చెప్పాలి.

ఆబోతుల పోట్లాట ఆపడం మన చేతిలో లేదు. లేగను కట్టుకొయ్య ఎక్కడ పాతాలో మన చేతిలో వున్నది. ఆ పెద్దమ్మ ఇప్పటికీ మా సంఘానికే పాలు పోస్తున్నది. మళ్లీ ఆమె అటువంటి ప్రశ్న వేసిననాడు, తప్పించుకోకుండా జవాబు చెప్పగల సంఘం ప్రతి వూళ్లోనూ వుండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.