అప్పు గడువు

తరగతిలో ఏ కంపెనీ పద్దు చేతికిచ్చినా మా మాస్టారు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఈ బాకీ ఎప్పటికి తీర్చాలి?" ఎంత అన్నది ఆ తర్వాత. ఆయన పేరిట ప్రసంగించమని మీరు పిలిచినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది 1997లో ఆసియా దేశాలు చిక్కుకున్న ఆర్థిక సంక్షోభం.

అప్పు చేసి పప్పుకూడు తిన్న దేశాలు కావవి. థాయిలాండ్ తన రాబడిలో దాదాపు మూడో వంతు పొదుపు చేసేది. ప్రభుత్వ బడ్జెట్‌లో ఏళ్ల తరబడి మిగులే. 1993లో ప్రపంచ బ్యాంకు తూర్పు ఆసియా వృద్ధిని అద్భుతంగా వర్ణిస్తూ గ్రంథమే వెలువరించింది. బయటి డాలర్లను తెచ్చి దేశంలో అప్పులిచ్చేందుకు బ్యాంకాక్‌లో ప్రత్యేక ఏర్పాటు మొదలైందీ ఆ ఏడాదే. డాలరుకు సుమారు 25 బాత్‌లని మారకం రేటు కట్టేసి ఉంది. అందుకని తక్కువ వడ్డీకి డాలర్లు తెచ్చి, ఎక్కువ వడ్డీకి బాత్‌లు ఇవ్వడంలో ప్రమాదం తోచలేదు. తెచ్చిన సొమ్ములో చాలా భాగం ఏడాదిలోపు తీర్చాల్సింది. అందులో పెద్ద మొత్తాలు వెళ్లింది మాత్రం ఏళ్లు గడిస్తే తప్ప అద్దె రాని భవనాల్లోకి.

1997 జూలై 2న మారకం రేటుకు వేసిన ఆ కట్టు విప్పక తప్పలేదు. అప్పటికి థాయి కేంద్ర బ్యాంకు చూపిన విదేశీ మారక నిల్వలు 3,000 కోట్ల డాలర్లకు పైమాటే. డాలర్లు అమ్ముతామన్న ముందస్తు ఒప్పందాల్లో ఇరుక్కోకుండా మిగిలినవి 300 కోట్లకు లోపు! ఆరు నెలలు తిరిగేసరికి డాలరు 50 బాత్‌లు దాటింది.

దక్షిణ కొరియా సంగతి నన్ను మరింత బాధిస్తుంది. 1997 మధ్యనాటికి విదేశీ బ్యాంకులకు ఏడాదిలో కట్టాల్సిన బాకీ, ఆ దేశపు నిల్వలకు దాదాపు రెట్టింపు. ఇదేమీ రహస్యం కాదు. బాసెల్‌లోని బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ అప్పట్లో ఆరు నెలలకోసారి అచ్చువేసిన పట్టికల్లో ఉన్నదే, కాస్త ఆలస్యంగానైనా. మన పరిశోధక లోకంలో ఎక్కువమంది వృద్ధి రేటు, ఎగుమతులు, బడ్జెట్ లోటు చూసి తృప్తిపడ్డారు. అది మన వృత్తి తప్పిదం. 1998 జనవరి నుంచి, దేశపు బాకీ తీర్చేందుకు ఇవ్వడానికి కొరియా ఇల్లాళ్లు పెళ్లి ఉంగరాలు, బిడ్డల తొలి పుట్టినరోజు ఉంగరాలు పట్టుకొని వరుసల్లో నిలబడ్డారు. సుమారు 35 లక్షల మంది, 220 టన్నులకు పైగా బంగారం. డాలర్లు తెచ్చింది కంపెనీలు, బ్యాంకులు. ఉంగరం తీసింది ఇల్లాలు.

1991లో మన బంగారం విదేశాలకు తాకట్టు వెళ్లిన రోజులు చూసినవాళ్లకు ఈ దృశ్యం విప్పి చెప్పనక్కర్లేదు. ఆ దెబ్బ తర్వాతే, స్వల్పకాలిక విదేశీ రుణానికి కళ్లెం వేయమని సి. రంగరాజన్ సంఘం 1993లో సూచించింది. 1997 తుపాను మనల్ని అంతగా తాకకపోవడానికి ఆ కళ్లెం ఒక ముఖ్య కారణమని నా గట్టి నమ్మకం.

ఇక్కడ కూర్చున్న పరిశోధక విద్యార్థులకు నా విన్నపం. ఏ దేశపు లెక్క చేతికొచ్చినా, వృద్ధి రేటు కన్నా ముందు అప్పుల గడువులున్న పేజీ తెరవండి. ఆ పేజీ లేకపోతే, లేదని మీ పరిశోధన మొదటి వాక్యంలోనే రాయండి.