బీడు ఖాళీ నేల కాదు

ఈ సభ ఒక పల్లెటూరి బడిపంతులు స్మృతిలో జరుగుతోంది. ప్రకృతిశాస్త్రం పాఠాన్ని నల్లబల్ల మీద మొదలుపెట్టి పొలంగట్టు మీద ముగించిన మాస్టారు ఆయన. అలాంటి మనిషిని తలుచుకునే వేదిక మీద బట్టమేక పిట్టను, సోలార్ కరెంటును, గొర్రెల కాపరిని కలిపి మాట్లాడుకోవడం సబబు. ఆ మూడింటికీ కావలసింది ఒకే నేల. రెవెన్యూ రికార్డు ఆ నేలకు బంజరు అని పేరు పెట్టింది.

నంద్యాల జిల్లా మిడ్తూరు మండలంలోని రోళ్లపాడుతోనే మొదలుపెట్టాలి. బట్టమేక కోసం 1988లో అక్కడ 6.14 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఏర్పడింది. పేరుకు అరణ్యమే గాని నిజానికది గడ్డిమైదానం. ఎగరగలిగే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో బట్టమేక ఒకటి. మీటరు ఎత్తు ఉంటుంది, మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఆడపక్షి మాత్రం సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ గూడు లేకుండా వట్టి నేల మీద. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహ్మానీ వంటి పరిశోధకులు రోళ్లపాడులో మకాం వేసి ఈ పక్షి బతుకును దగ్గరగా చూశారు.

కాపలా బాగా కుదిరింది. దాంతో కృష్ణజింకలు పెరిగాయి. కంచెలోపలి గడ్డి చాలక చుట్టుపక్కల పొలాల మీద పడ్డాయి. రైతు రాత్రిళ్లు చేలో కాపలా కాయవలసి వచ్చింది. మరోవైపు సాగునీరు వచ్చి మెట్టచేల తీరు మారిపోయింది. బట్టమేకకు గడ్డి ఒక్కటే చాలదు, చుట్టూ మెట్టపైరు కూడా కావాలి. ఇందులో రైతు తప్పేమీ లేదు. నీళ్లొస్తే ఎవరైనా పంట మారుస్తారు. పిట్టకు హద్దులు గీసినవాళ్లు, ఆ హద్దు బయట బతికే మనిషి నష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రోళ్లపాడులో బట్టమేక కనిపించడమే అరుదైపోయింది.

మధ్యప్రదేశ్‌లోని కరేరాలోనూ ఇదే కథ. 1981లో అక్కడ ప్రకటించిన బట్టమేక అభయారణ్యంలోకి రైతుల సొంత పొలాలూ వచ్చాయి. తమ భూమిని తామే అమ్ముకోలేని పరిస్థితి ఏర్పడింది. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామనుకున్న రైతుకు ఆ పిట్ట మీద ప్రేమ ఎలా పుడుతుంది? 1990ల నడుమకు కరేరాలో బట్టమేకలు లేకుండా పోయాయి.

ఇప్పుడు దేశం మొత్తం మీద ఈ జాతిలో మిగిలినవి 150 లోపే. ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలో ఉన్నాయి. ఎండ, గాలి దండిగా ఉన్న ఆ ఎడారిలోనే సోలార్ పార్కులు, గాలిమరలు వచ్చాయి. వాటి కరెంటును బయటికి మోసుకుపోయే హైటెన్షన్ లైన్లూ వచ్చాయి. బట్టమేక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. తీగ కనబడేసరికి దగ్గరైపోతుంది, అంత బరువున్న ఒళ్లు చప్పున పక్కకు తిరగదు. థార్‌లో 4,200 చదరపు కిలోమీటర్ల మేర అన్ని జాతులూ కలిపి ఏడాదికి సుమారు 84,000 పక్షులు తీగల వల్ల చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది.

అలాగని సోలార్ వద్దనడం న్యాయం కాదు. బొగ్గు కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్ల బాధ సింగరేణి ప్రాంతానికి తెలుసు. వేడెక్కే వాతావరణం గడ్డిమైదానాన్నీ వదలదు. సుప్రీంకోర్టు ముందున్న చిక్కు కూడా ఇదే. 2021 ఏప్రిల్‌లో లైన్లను భూమిలోపల వేయాలని కోర్టు ఆదేశించింది. సుమారు 99,000 చదరపు కిలోమీటర్లలో అది సాధ్యం కాదని కేంద్రం అంది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం ప్రజల హక్కని అదే తీర్పులో చెప్పింది. 2025 డిసెంబరులో, తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్న ధర్మాసనం కమిటీ సూచనలను ఆమోదించింది. రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లు ప్రాధాన్య ప్రాంతాలయ్యాయి. అక్కడ కొత్త గాలిమరలు, 2 మెగావాట్లు దాటిన సోలార్ ప్లాంట్లు రాకూడదు.

పిట్టకూ తీగకూ మధ్య తగవు ఇలా ఒక దారికి వచ్చింది. కాపరి మాటో?

జైసల్మేర్‌లో దేవుడి పేరిట వదిలిన మేతభూములను ఓరాన్లంటారు. కొమ్మ నరకరు, నాగలి పెట్టరు. రికార్డుల్లో మాత్రం వాటిలో చాలావాటికి ఆ పేరే లేదు. అందుకే ఊరివాళ్లు వాటిని నమోదు చేయమని రోజుల తరబడి కాలినడకన యాత్రలు చేశారు. మన సీమలోనూ బీడంటే వట్టి నేల కాదు. ఆ గడ్డి మేసిన మందను కోతలయ్యాక రైతు తన చేలో నిలుపుకుంటాడు. తెల్లారేసరికి మడంతా పెంటికలు పరుచుకుని ఉంటాయి, కాపరి చేతికి డబ్బో గింజలో అందుతాయి. బీడు పోతే కాపరి మేత ఒక్కటే పోదు, రైతుకు ఎరువూ పోతుంది.

రోళ్లపాడు ఉన్న ఆ మెట్టసీమలోనే గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు ఉంది. దాన్ని చూసి తెలుగువాళ్లు గర్వపడవచ్చు. అయితే బొగ్గు ప్లాంటు పెట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, సోలార్ పార్కుకు చట్టం ఆ సభను కోరడం లేదు. పర్యావరణ ప్రభావ మదింపు నుంచి దానికి మినహాయింపు ఉంది. పొగ రాదు గనుక అడగనక్కర్లేదన్నది ఆ మినహాయింపు వెనుక ఆలోచన. పొగ లేకపోయినా నేల పడుతుందిగా!

కర్ణాటకలోని పావగడ కొంత మెరుగైన దారి తొక్కింది. 2,050 మెగావాట్ల ఆ పార్కు కోసం సుమారు 13,000 ఎకరాలను కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి మొదట రూ. 21,000, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరువుసీమ రైతుకు ఏటా చేతికందే డబ్బు అది, భూమి కూడా అతనిదే. కానీ ఆ చేలలో కూలికి వెళ్లినవాళ్లకు, గొర్రెలు మేపుకున్నవాళ్లకు పట్టా లేదు గనుక కౌలూ లేదు.

కాబట్టి చేయవలసిన పని బంజరు అనే మాట దగ్గర మొదలవుతుంది. కర్నూలు, నంద్యాల జిల్లాల్లో తర్వాతి సోలార్ పార్కుకు భూమి గుర్తించే ముందే గ్రామసభలో తెలుగులో ఒక పటం తయారుకావాలి. మందలు నడిచే బాటలు, నీళ్లు తాగే కుంటలు, కృష్ణజింకలు తిరిగే తావులు, లైను వెళ్లగల దారి అందులో ఉండాలి. ఇళ్ల కప్పులు, కాలువల పైభాగం ముందు లెక్కకు రావాలి. గుజరాత్‌లో 2012లోనే నర్మద కాలువ మీద సోలార్ ప్లాంటు నిలబడింది. కౌలు ఒప్పందంలో కాపరికీ, కూలీకీ ఒక వాటా రాయాలి. ఆ పటం గీసే రోజున తహసీల్దారు, ఇంజనీరు, అటవీ అధికారి పక్కన గొర్రెల కాపరికి కూడా కుర్చీ వేయాలి. ఏ కుంట ఏ నెలలో ఎండుతుందో ఆ నలుగురిలో అతనికే బాగా తెలుసు.