ఏటవాలు గీతలో పల్నాడు

నకరికల్లు పరిసరాల్లో ఫోటోలు తీసేవారికి నాగార్జునసాగర్ కుడి కాలువ మంచి గురువు. వంతెన నడిమధ్య నిలబడి తీస్తే కాలువ ఫోటోను రెండు సగాలుగా చీల్చేస్తుంది. అదే ఒక గట్టు వైపు జరిగితే, నీటి అంచు కింది మూల నుంచి పైకి ఏటవాలుగా సాగుతుంది. చూసేవారి కన్ను దాని వెంటే వెళ్తుంది.

అడ్డగీత చూస్తే ప్రశాంతత, నిలువు గీత చూస్తే నిలకడ తోస్తాయి. ఏటవాలు గీత ఒరిగి ఉంటుంది కాబట్టి అందులో కదలిక కనిపిస్తుంది. రష్యా ఛాయాచిత్రకారుడు అలెగ్జాండర్ రోద్చెంకో 1930 ప్రాంతంలో మెట్లెక్కుతున్న తల్లీబిడ్డలను ఇలాగే చూపించారు. ఫ్రేమంతా వాలుగా పరుచుకున్న మెట్లే! మన కోటప్పకొండ మెట్లను కూడా పక్క నుంచి చూసి తీయవచ్చు.

మిరప కల్లాల సంగతి మరీ ముఖ్యం. ఎండబోసిన కాయలను ఎదురుగా తీస్తే ఎర్రటి పట్టీ మాత్రమే వస్తుంది. మూల నుంచి, మోకాళ్ల ఎత్తులో తీయండి. ఆ ఎరుపు గీతలా సాగి, చూపును దూరాన కాయలు ఏరుతున్న కూలీ దాకా తీసుకెళ్తుంది. గీతకు అలాంటి గమ్యం ఉండాలి. లేకపోతే చూపు ఫ్రేము దాటి పోతుంది. గీతను సరిగ్గా మూలలో కాక కాస్త పక్కన మొదలుపెట్టడం నా దృష్టిలో మేలు.

ఎండ వాలినప్పుడు నీడలూ ఏటవాలు గీతలవుతాయి. ఈ సాయంత్రం ఫోన్ కెమెరాలో గ్రిడ్ పెట్టుకుని, ఒకే దృశ్యాన్ని ఎదురు నుంచీ, పక్క నుంచీ తీసి పోల్చి చూడండి.