అమ్మకానికి చదువెందుకు?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర కిరాణా దుకాణం నడుపుతున్న వర్తకులొకరు ఇటీవల నన్నొక ప్రశ్న అడిగారు: "మా తాతగారు, నాన్నగారు కొట్టులో కూర్చొనే వ్యాపారం నేర్చుకున్నారండీ. మా కుర్రాడు మార్కెటింగు ప్రధాన విషయంగా డిగ్రీ చదువుతానంటున్నాడు. అమ్మడానికి కూడా కాలేజీ కావాలా?"

ఇది ఆయన ఒక్కరి సందేహం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో అనేకమంది తల్లిదండ్రుల మనస్సులలో ఉన్నదే. కనుక శ్రోతలతో కలిసి దీనిని కొంత విచారించవలెనని నా కోరిక.

కొట్టు నేర్పే విద్య తక్కువది కాదు. గుమ్మం ఎక్కిన మనిషి ముఖం చూచి అవసరం గ్రహించడం, ఎవరికి ఎంతవరకు అరువు ఇవ్వవచ్చునో తెలియడం, తూకంలో మాట దక్కించుకోవడం ఏ పుస్తకమూ అంత చక్కగా నేర్పలేదు. అయితే కొట్టులో కొనేవాడు ఎదుటనే ఉంటాడు. కంటికి కనబడనివాడు ఏమి కోరుతున్నాడో తెలుసుకొని, సరుకును అతని దగ్గరకు చేర్చవలసి వచ్చినప్పుడు అనుభవానికి శాస్త్రం తోడు కావలెను. మొదటిది అమ్మకం, రెండవది మార్కెటింగు.

పొందూరు ఖద్దరును చూడండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేతితో సన్ననూలు వడికి, చేమగ్గంపై నేసిన బట్ట అది. ఈ శ్రమ ఎరుగని దూరనగరవాసి ధర విని బెదరి, పక్కనున్న మరబట్ట కొంటాడు. లోపం నేతలో లేదు. దాని విలువ కొనేవానికి తెలియకపోవడంలో ఉన్నది. 1960లో మెకార్తీ అనే అమెరికన్ ఆచార్యుడు మార్కెటింగును సరుకు, వెల, చోటు, ప్రచారం అని నాలుగు అంశాలుగా వివరించాడు. మనకు మొదటిదానికి కొదవ లేదు. బొబ్బిలి వీణ, బుడితి కంచు ఇత్తడి పాత్రలు, పలాస జీడిపప్పు అందుకు సాక్ష్యం. తక్కిన మూడింటిని చూచుకొనేవారు మన బిడ్డలలోనుండి రావద్దా?

ఈ విద్య మన ప్రాంతానికి కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఏ. తరగతులు ప్రారంభించింది. ఎచ్చెర్లలో 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. డిగ్రీ స్థాయిలో బి.కాం., బి.బి.ఏ. అనే రెండు మార్గాలు కలవు. మాటకారితనం ఉంటే చాలునని, లెక్కలు అక్కరలేదని తలచి ఇందులో చేరడం పొరపాటు. గణకశాస్త్రం, అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం దీనికి పునాదులు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా విద్యార్థి ఎరిగి ఉండవలెను. అబద్ధపు ప్రకటన నేరమని ఎరుగనివాడు అమ్మకానికి తగడు.

మరొక నిజం కూడా చెప్పవలెను. పట్టా చేతికి రాగానే పెద్ద ఉద్యోగం రాదు. తొలి కొలువు తరచుగా ఊరూరా తిరగడం, నెలనెలా నిర్ణీతమైన అమ్మకం చూపించడం. అందుచేత చేర్చే ముందే కళాశాలవారిని అడగండి: పిల్లలను శిక్షణకు ఎక్కడికి పంపుతారు? ఎన్ని నెలలు? అక్కడ వారు చేసే పని ఏమిటి?

ఆ వర్తకునితో చివరకు నేను ఇట్లా అన్నాను: "చదివించండి. కాని సెలవులలో మీ గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టండి. ఒక వారం పొందూరు మగ్గాల దగ్గరకు పంపండి. కనబడే మనిషిని గౌరవించడం మీరు నేర్పండి. కనబడని మనిషిని వెదకడం కళాశాల నేర్పుతుంది."