బాప్తిస్మం కంటే ముందు కడిగిన గాయాలు | అపొస్తలుల కార్యములు 16:33 | అనుదిన ధ్యానం

కరీంనగర్ నుంచి మీ అన్నను మాట్లాడుతున్నా.

నిన్న ఆదిలాబాద్ నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, మా చర్చిలో సాక్ష్యం చెప్పేటోళ్లందరూ ఫలానా తారీఖున రక్షింపబడ్డామంటరు. నాకు అట్లాంటి తారీఖేం లేదు. మరి నేను రక్షణ పొందినట్టా, కానట్టా?" అని.

చెల్లీ, నా దగ్గర తారీఖు ఉంది. బీటెక్ థర్డ్ ఇయర్‌లో బాప్తిస్మం తీసుకున్న రోజే బైబిల్ మొదటి పేజీలో రాసిపెట్టుకున్నా. అయినా పోయిన వారం ఇదే ప్రశ్న నన్ను కూడా పట్టుకుంది. ఎందుకో చెప్తాను. ముందు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తెరవండి.

ఫిలిప్పీ పట్టణం. పౌలును, సీలను బెత్తాలతో కొట్టి చెరసాలలో వేయించారు. చెరసాల నాయకుడు వాళ్లను లోపలి గదిలో పెట్టి కాళ్లకు బొండ వేశాడు. అర్ధరాత్రి వాళ్లు పాడుతుండగా భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని అతడు కత్తి దూశాడు, తన్ను తాను చంపుకోబోయాడు. పౌలు కేకవేసి ఆపాడు. అప్పుడు అతడు వణుకుతూ వచ్చి, రక్షణ కోసం నేనేం చేయాలని అడిగాడు. యేసును నమ్మమని వాళ్లు చెప్పారు.

ఇక్కడిదాకా మనందరికీ తెలుసు. 33వ వచనం దగ్గర మాత్రం మనం ఆగం. ఆ రాత్రి ఆ గడియలోనే అతడు వాళ్ల గాయాలు కడిగాడు. బాప్తిస్మం ఆ తర్వాతే!

ఆ గాయాలు కొత్తవి కావు. తలుపు వేసినప్పుడు కూడా ఉన్నాయి. అప్పుడు అతడు తాళం వేసి పోయి పడుకున్నాడు. నమ్మిన తర్వాత అవే గాయాలు కనబడ్డాయి.

ఈ వచనాన్ని చేసి చూపించినవాళ్లు మన పక్కనే ఉన్నారు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ పోయే హైవే మీద ఆర్మూర్ దాటాక డిచ్‌పల్లి వస్తుంది. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ అక్కడ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. హిందువైన రాజా నర్సాగౌడ్ దానికి డబ్బిచ్చారు. ఊరు బయటికి పంపేసిన మనుషుల పుండ్లు అక్కడ కడిగారు.

ఇక నా సంగతి. మా బాపు చాలా ఏండ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చాడు. షుగర్ ఉంది, కాలికి పుండు. రోజూ అమ్మనే కట్టు మారుస్తది. పోయిన వారం అమ్మ ఊరికి పోయింది. నేను పక్క గదిలో ఇదే వచనం మీద రికార్డింగ్ చేస్తున్నా. "బిడ్డా, జర కట్టు మారుస్తవా?" అన్నాడు. "రికార్డింగ్ నడుస్తుంది బాపూ, ఆగు" అన్నా. రెండోసారి పిలిచాడు. మళ్లీ అదే మాట. మూడోసారి పిలవలేదు. పోయి చూస్తే తనే వంగి కట్టు విప్పుకుంటున్నాడు, చెయ్యి అందుతలేదు.

ఆ రికార్డింగ్ డిలీట్ చేసిన. డాక్టర్ చెప్పినట్టు కడిగి కట్టు కట్టిన. పుండు అంత లోతుగా ఉందని ఒకే ఇంట్లో ఉంటూ నాకు ఆ రోజే తెలిసింది. బాపు ఏమీ అనలేదు. "నీ వీడియో పాడైందా బిడ్డా?" అని అడిగాడు, అంతే.

జాగ్రత్తగా వినండి. గాయాలు కడిగితే రక్షణ రాదు. ఎఫెసీ 2:8 చెప్పేది అదే, రక్షణ కృప వల్లనే. కానీ నిజంగా నమ్మినవాడి చేతులు ఊరుకోలేదు.

చెల్లీ, ఆ చెరసాల నాయకుడి పేరు బైబిల్లో లేదు. తారీఖు కూడా లేదు. గాయాలు కడిగిన మాట ఉంది. తారీఖు లేదని భయపడకు. నేను తారీఖు ఉందని ధైర్యపడటం మానేశాను.

ఈ వీడియో అయిపోగానే ఫోన్ పక్కన పెట్టండి. ఇంట్లో మిమ్మల్ని రెండుసార్లు పిలిచి ఊరుకున్నవాళ్లు ఎవరో, వాళ్ల దగ్గరికి పోండి.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మేము చూసి కూడా తలుపు వేసుకున్న గాయాలను ఈ రోజు మాకు చూపించు. కడిగే మనసు ఇవ్వు. యేసు నామంలో వేడుకుంటున్నాం తండ్రీ, ఆమేన్.

రేపు ఉదయం మళ్లీ కలుద్దాం.