గడప లోపలి వ్యాపారం, గోడ అవతలి పొరుగు



నాలుగు జాడీల ఆవకాయ పెట్టి అమ్ముదామన్నా, ముందుగదిలో కుట్టుమిషన్ వేద్దామన్నా మన ఊళ్లో మొదట వినబడే మాట ఒకటే: "మా ఇల్లు, మా ఇష్టం కాదా?" పట్టణ ప్రణాళికలో పనిచేసినవాణ్ణి కనుక ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే వచ్చాను.

మన పట్టణ ప్రణాళికకు పునాది 1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టిన చట్టం. ఊళ్లో ఏ స్థలాన్ని దేనికి వాడాలో చూపేది మాస్టర్ ప్లాన్. ఆ పటంలో సాధారణంగా పసుపు నివాసాలకు, నీలం వాణిజ్యానికి, ఊదా పరిశ్రమలకు గుర్తు. పసుపులో ఉన్నంత మాత్రాన ఏ పనీ చేయకూడదని కాదు. ఇంటివాళ్లు చేసుకునే చిన్న వృత్తులకు అక్కడ చోటుంది.

అయితే ఎంతవరకు? మీ పని గోడ దాటి పొరుగింటికి ఏం పంపుతోందో చూసుకోండి. కుట్టుమిషన్ చప్పుడు గోడ దాటదు. అదే ఇంట్లో మిరపకాయలు పట్టే మర పెడితే వీధంతా తుమ్ములే. పదిమంది పిల్లలకు ట్యూషన్ చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు. రెండువందలమంది వచ్చే కోచింగ్ సెంటరైతే సందులోకి అంబులెన్సు కూడా రాలేదు.

నోయిడాలో నివాస సెక్టార్లలో నడుస్తున్న బ్యాంకులు, నర్సింగ్‌హోములు ఖాళీ చేయాలని 2011 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వైద్యులు, లాయర్లు, ఆర్కిటెక్టులకు మాత్రం తమ ఇంటి కింది అంతస్తులో 30 శాతం వాడుకునే వీలు మిగిల్చింది. ఇల్లు ఇల్లుగా మిగలాలన్నదే అందులోని సారం.

ఇంకో సంగతి. ఒక కాగితం చేతికొస్తే అన్నీ వచ్చినట్టు కాదు. ట్రేడ్ లైసెన్సు వేరు, భూ వినియోగం వేరు. తినేవి అమ్మితే ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు కావాలి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడుపుతున్నట్టు తేలితే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు ధరకు బిల్లు వేస్తారు.

అప్పుచేసి కొన్న మర ఒక్క నోటీసుతో మూతపడిన ఇళ్లు నేను చూశాను. ఒక్కపూట ముందు అడిగి ఉంటే ఆ డబ్బు నిలిచేది. అమ్మలారా, అయ్యలారా, మోటారుకు అడ్వాన్సు ఇచ్చే ముందు వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, మీ ఇల్లు ఏ రంగులో ఉందో పటంలో చూపించమనండి. వచ్చే దారిలో పక్కింటి తలుపు కూడా తట్టండి. ఆ గోడ మీ ఇద్దరిదీ.