పటములు, పల్లె పేర్లు, మన కుటుంబ చరిత్ర
(ఉపన్యాస పాఠము)



శతాబ్ది సందర్భముగా కుటుంబ చరిత్రలు వ్రాయాలని మనలో చాలమందికి ఆశ ఉన్నది. అయితే "తాత పేరు వరకు తెలుసు, ఆ పైన తెలియదు" అని ఆగిపోతున్నాము. అటువంటివారికి రెండు సాధనములున్నవి: ఒకటి పటము, రెండవది ఊరి పేరు.

మన కొండలలో ఇంటిపేరు ఒక్కటే చాలదు. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, గొల్లోరి అంటే కోతి. ఇవి వంశముల పేర్లు. అరకు, పాడేరు మొదలుకొని ఆవల కోరాపుట్ వరకు ఈ పేర్లవారున్నారు. కనుక ఇంటిపేరు వంశమును చెబుతుంది. ఇల్లు తెలియాలంటే ఊరి పేరు కావాలి.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఐర్లండులో 1922లో డబ్లిన్ దస్తావేజుల భవనము కాలిపోయి, పాత జనాభా లెక్కలు చాలవరకు బూడిదైనవి. ఒకే ఇంటిపేరుగల కుటుంబములు అక్కడా వందలకొద్దీ ఉన్నవి. వారు మిగిలిన గుడి రిజిస్టర్లలోని పల్లె పేరును పాత సర్వే పటములో వెదకి పూర్వికుల జాడ తీస్తున్నారు.

మన ఊరి పేర్లలోనే కొంత చరిత్ర ఉన్నది. పేరు చివర "వలస" ఉంటే, అది ఎక్కడినుండో వచ్చినవారు కట్టుకున్న ఊరు. ఎక్కడినుండి అని వెంటనే అడగాలి. రవ్వలగుడ, శరభగుడ వంటి పేర్లలోని "గుడ" ఆదివాసీ ఒడియా మాటాడేవారి పల్లెను తెలుపుతుంది. "గెడ్డ" ఉంటే దగ్గరలో వాగు కోసము చూడాలి. ఒకే పేరు రెండు చోట్ల ఉండవచ్చును. కొత్తవలస అంటే మైదానములోని రైలు జంక్షను ఒక్కటే కాదు, కొండలలోనూ ఆ పేరున్నది.

పాత కాగితములు చూచేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, దొరలు చెవికి విన్నట్లు వ్రాసినారు. జయపురము "జైపోర్" అయినది, విశాఖపట్నము "వైజాగపటం" అయినది. అక్షరములు చూచి వదలక, పైకి చదివి వినండి. రెండవది, జిల్లాలు మారినవి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు జయపురము ప్రాంతము విశాఖ జిల్లానుండి వేరైనది. 2022లో అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. ఊరు కదలకపోయినా కాగితములో జిల్లా మారుతుంది. మూడవది, ఊరే లేకపోవచ్చును. 1955లో విద్యుత్తు మొదలైన మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కొరకు కట్టిన జోలాపుట్ జలాశయములో పల్లెలు మునిగినవి. కొత్త పటములో అక్కడ నీరే కనబడుతుంది. పాత పటములో ఊరుంటుంది. ఆ ఊళ్లనుండి చెదరిన కుటుంబములకు ఆ కాగితమే సాక్ష్యము.

కాబట్టి ముందు బాప్తిస్మము, వివాహ రిజిస్టర్లలోని ఊరి పేరును ఉన్నదున్నట్లు వ్రాసుకోండి. తరువాత అవ్వతాతల దగ్గర కూర్చుండి ఏ గెడ్డ నీళ్లు త్రాగేవారు, ఏ సంతకు పోయేవారు, ఆడపిల్లలను ఏ ఊరికిచ్చేవారు అని అడగండి. ఆ గుర్తులతో సర్వే ఆఫ్ ఇండియా పటము చూడండి. ఒక అంగుళమునకు ఒక మైలు లెక్కన వేసిన పాత పటములలో వాగులు, కొండలు, చిన్న పల్లెలు కూడ కనబడతాయి. పేరు సరిపోయి, వాగు, సంత కూడ సరిపోతేనే అది మీ ఊరని తేల్చండి.

పటము గ్రంథాలయములో ఉంటుంది, రిజిస్టరు గుడిలో ఉంటుంది. అవ్వ జ్ఞాపకము మాత్రము అవ్వతోనే పోతుంది. గనుక ఆమెతోనే మొదలుపెట్టండి.